పైకి వెళ్లనివాడికి సన్మానం

మా నాన్న దృష్టిలో నేను డ్రైవర్ని. ఎయిర్‌ఫోర్స్‌లో ట్రైనింగ్ పూర్తి చేసుకుని మొదటిసారి జగ్గయ్యపేట వచ్చినప్పుడు కొట్లో కూర్చున్నవాళ్లకి ఆయన నన్ను పరిచయం చేసిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మావాడండి. విమానం తోలతాడు." ఎడ్లబండి తోలినట్టు! కొన్నేళ్లకి నేను ఇన్‌స్ట్రక్టర్నై, కొత్తగా చేరినవాళ్లకి చిన్న జెట్ విమానాల మీద నేర్పడం మొదలుపెట్టాక ఆ పరిచయం ఇంకాస్త ముదిరింది. "గాల్లో డ్రైవింగ్ స్కూలు పెట్టాడండి." బేరానికొచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న ఆస్తిలో నాకు ముందుగా దక్కిన వాటా అదే.

మాది పప్పుల హోల్‌సేల్ కొట్టు. కంది, మినుము, పెసర. మా ఇళ్లలో మగపిల్లాడు పుట్టాడంటే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి ఇంకొకడు తయారయ్యాడని అర్థం. నేను కూర్చోలేదు. తొంభైల మొదట్లో పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్లి, సెలెక్టయ్యానని చెబితే నాన్న వద్దనలేదు. సంతోషించనూ లేదు. "సరే, పో" అన్నాడు. ఆ తర్వాత సెలవుకి వచ్చినప్పుడల్లా ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు. "మళ్లీ ఎప్పుడు పోవాలి?" అనేది ఒకటి, "మెస్సులో మనకి విడిగా వండుతున్నారా?" అనేది రెండోది. నేను చేసే పనేమిటో ఒక్కనాడూ అడగలేదు.

అడిగితే చెప్పేవాణ్ణి. ట్రైనర్ జెట్‌లో సీట్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో నేర్చుకునేవాడు, ఇంకోదాంట్లో నేను. కంట్రోల్స్ ఇద్దరి ముందూ ఉంటాయి. ఈ పనిలో కష్టం విమానం నడపడం కాదు, నడపకుండా కూర్చోవడం. పక్కవాడు తప్పు చేస్తుంటాడు. విమానం ఒక పక్కకి ఒరుగుతుంటుంది. నా చేతులు నా మోకాళ్ల మీదే ఉండాలి, అవి అక్కడే ఉన్నాయని వాడికి కనబడాలి కూడా. మరీ ముందుగా అందుకుంటే వాడు జన్మలో నేర్చుకోడు. మరీ ఆలస్యం చేస్తే ఇద్దరికీ జన్మే మిగలదు. తీసుకోవాల్సి వస్తే "కంట్రోల్ నాది" అని పైకి చెప్పి తీసుకోవాలి, వాడు "నీది" అని వదలాలి. మాట లేకుండా లాక్కోవడం మా దగ్గర పెద్ద తప్పు. ఇట్లా నెలల తరబడి కూర్చున్నాక ఒకరోజు వాడు ఒంటరిగా ఎగురుతాడు. ఆ రోజు నేను రన్‌వే పక్కన ఎండలో నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తాను. వాడు క్షేమంగా దిగితే నా పని అయిపోయినట్టు.

రెండువేలు దాటిన కొన్నేళ్లకి మాకొక కబురొచ్చింది. మనుషుల్ని పైకి పంపాలని అంతరిక్ష సంస్థ ఆలోచిస్తోందనీ, ఎప్పుడో పంపబోయేవాళ్ల కోసం ఇప్పటి నుంచే కొందర్ని జెట్లలో తిప్పి తయారు చెయ్యాలనీ, అందుకు అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు కావాలనీ. నన్ను పంపారు. విమానాన్ని నిటారుగా పైకి లేపి, ఆ ఎత్తు చివర దాని ముక్కు కిందికి వంచితే కొన్ని క్షణాలు ఒంటికి బరువుండదు. జేబులో పెన్సిలు పైకి లేచి మొహం ముందు తిరుగుతుంది. కడుపులో ఇడ్లీ కూడా పైకి రావాలనే చూస్తుంది. అట్లాంటప్పుడు కూడా మీటర్లు చదవాలి, రేడియోలో తడబడకుండా మాట్లాడాలి. అది అలవాటు చెయ్యడం నా పని.

ఆ సంగతి ఫోన్లో అమ్మకి చెప్పాను. "స్పేస్ వాళ్ల దగ్గర పని చేస్తున్నా" అన్నాను, అంతే. అమ్మ పక్కింటావిడకి చెప్పింది. పక్కింటావిడ ఎవరికి చెప్పలేదో కనుక్కోవడం తేలిక. నేను సెలవు మీద వచ్చేసరికి జగ్గయ్యపేట నన్ను చంద్రుడి మీద దింపేసింది. జిల్లా పేపర్లో ఒక మూల నా ఫోటో కూడా వేశారు. గోరంతని కొండంత చేయడం విన్నాను గానీ, కొండని దాటి చందమామ దాకా వెళ్లడం అదే చూడటం.

కాదని చెప్పాను. కనబడ్డవాడికల్లా చెప్పాను. "అయ్యా, నేను వెళ్లడం లేదు, వెళ్లేవాళ్లకి నేర్పుతున్నాను" అంటే, బస్టాండు దగ్గర మందుల షాపాయన నా భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు.

"మాకు తెలుసులెండి సార్. గవర్నమెంటు సీక్రెట్టు. మీరు చెప్పకూడదు, మేం అడక్కూడదు."

"సీక్రెట్ కాదండీ, నిజంగా—"

"అబ్బ, అర్థమైందండీ!" అని కన్ను గీటాడు.

ఎంత కాదంటే అంత ఔనయింది. పక్కింటావిడ విభూతి పొట్లం తెచ్చి, "అంత ఎత్తుకెళ్తున్నావు, జేబులో పెట్టుకో నాయనా" అంది. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. పుచ్చుకున్నాను, ఏం చేస్తాను!

అందరికంటే ఎక్కువ నమ్మింది మా నాన్న. ఆ సెలవులో నేను కొట్టుకి వెళితే ఆయన లేచి జరిగి, తన పక్కన పరుపు మీద చోటిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అట్లా ఎప్పుడూ జరగలేదు. వచ్చినవాళ్లతో, "మావాడండి, పైకెళ్తున్నాడు" అన్నాడు. డ్రైవరూ లేదు, డ్రైవింగ్ స్కూలూ లేదు. ఆ గొంతులో గర్వం వినడానికి నేను ఎన్నేళ్లుగా మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. తీరా అది దొరికింది, నాది కాని పనికి. ఆనందపడాలో ఏడవాలో తెలియక ఒక కందిపప్పు గింజ నోట్లో వేసుకుని నములుతూ కూర్చున్నాను.

ఈలోగా సన్మానం ఒకటి వచ్చి పడింది. జగ్గయ్యపేట, నందిగామ వర్తకులంతా కలిసి ఏటా చేసుకునే సభ ఆ ఆదివారం నందిగామ కళ్యాణ మండపంలో ఉంది. అందులో నాకు శాలువా, నాన్నకి దండ. ఇంక ఊరుకుంటే లాభం లేదు. రేపెప్పుడో నిజం తెలిసిందంటే నవ్వేది నన్ను చూసి కాదు, నేను ఎక్కడో ఉంటాను. బజార్లో రోజూ కూర్చునేది ఆయన. మాట మీద నడిచే వ్యాపారంలో "ఆయన మాటలకేంలే, కొడుకుని చంద్రుడి మీదకి పంపాడుగా" అన్నారంటే ఇంక ఆ మనిషి తలెత్తుకోలేడు. ఊరు నమ్మకపోతే పోనీ, మా నాన్నైనా నమ్మాలి, ఆదివారం లోపల.

శుక్రవారం మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి కొట్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, నేను పైకి వెళ్లట్లా."

"ఊరికే అనమాక."

"ఊరికే కాదు. ఒట్టు. అమ్మ మీద ఒట్టు."

మా ఇంట్లో అమ్మ మీద ఒట్టంటే దానికి పైన కోర్టు లేదు. నాన్న చేతిలో విసనకర్ర ఆగింది.

"మరి పేపర్లో వేశారుగా?"

"వాళ్లు నన్నడిగి వెయ్యలా. వెళ్లేవాళ్లు వేరే ఉన్నారు. నేను వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతా. నేర్చుకున్నాక వాళ్లు పోతారు."

"నువ్వు?"

"కింద ఉంటా."

ఆయన మొహం నల్లబడింది. "ఈ ఏడుపేదో ముందే ఏడవచ్చుగా! ఊరందరికీ చెప్పుకున్నా! ఇప్పుడు తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

"వచ్చినకాడి నుంచీ చెప్తూనే ఉన్నాగా! ఒక్కడైనా విన్నారా? అసలు నువ్వెప్పుడన్నా అడిగావా, ఒరే నువ్వు చేసే పనేందిరా అని? తోలతాడండి, తోలతాడండి అని ఊరంతా చెప్పుకోవడం తప్ప!"

ఇద్దరి గొంతులూ లేచాయి. బస్తాలు దింపుతున్న హమాలీలు దింపడం ఆపి నిలబడ్డారు. అమ్మ కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి కాఫీ తెచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

నాన్న గ్లాసు అందుకుని అడిగాడు. "మరి నిన్నెందుకు తీసుకోలా?"

"నా డ్యూటీ అది కాదు నాన్నా" అన్నాను. అది నేను అందరికీ చెప్పే జవాబు. చెప్పీ చెప్పీ, అడగ్గానే నోటికి వచ్చేసింది.

ఆయన కాఫీ తాగాడు. తాగుతూ దేన్నో తేల్చుకుంటున్నట్టు నేలకేసి చూశాడు. "సరే, వెళ్లేవాడు వెళ్లేముందు నీ దగ్గరికొస్తాడా?"

"ఎందుకు?"

"ఎందుకేందిరా!"

ఆయన ఎందుకు ఆశ్చర్యపోయాడో చెప్పాలి. మా బజార్లో ఒక పద్ధతి ఉంది. ఒక కొట్లో గుమాస్తాగా పనిచేసి పని నేర్చుకున్నవాడు సొంత కొట్టు పెట్టుకుంటే, మొదటి బోణీ పాత షావుకారు చేత చేయిస్తాడు. షావుకారు వెళ్లి తన చేత్తో మొదటి సరుకు కొని, నోరు తీపి చేసుకుని వస్తాడు. అది జరిగితేనే వాడి కొట్టు కొట్టు. మా నాన్న దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ ఆయన్ని మించిపోయారు. ఆయన మాత్రం అదే ఇరుకు కొట్లో ఉండిపోయాడు. నేను ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్లిన ఏడాదే మా కొట్లో చేరిన గుమాస్తాకి ఇప్పుడు నందిగామలో పప్పు మిల్లుంది. ఆదివారం నాకు శాలువా కప్పబోయే వర్తక సంఘం అధ్యక్షుడు ఆయనే. ఆ మిల్లుకి బోణీ చేసింది కూడా మా నాన్నే.

"రాడు నాన్నా. వీడికి ట్రైనింగ్ అయిపోయిందని నేను కాగితం మీద సంతకం పెడతా. వాడు ఇంకో చోటికి పోతాడు. అక్కడ ఇంకేవో నేర్పుతారు."

"ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"టైం ఉండదు. నేనా వేళకి ఇంకొకడితో గాల్లో ఉంటా."

"ఏరు దాటి తెప్ప తగలేసే బాపతు! పైకి పోయేవాళ్లంట, పైకి! ఎవరు నేర్పార్రా వీళ్లకి మర్యాద?" అని కాఫీ గ్లాసు ఠక్కున పెట్టాడు. కోపం నా మీద నుంచి ఎప్పుడు దిగిపోయిందో, అంతరిక్షం మీదకి ఎప్పుడు ఎక్కిందో నాకు తెలియలేదు.

సన్మానం వద్దని నేనే ఫోన్ చేసి చెబుతానన్నాను. "నువ్వేం చెప్పమాక. నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆదివారం దాకా ఇంక ఆ మాట ఎత్తలేదు. ఏం చూసుకుంటాడో తెలియక నాకు ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన స్కూటర్ మీద బయల్దేరాం. నేను నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చున్నాడు. ముక్త్యాల నుంచి వచ్చే సిమెంటు లారీలు హైవే నిండా ఉన్నాయి. "హారన్ కొట్టు. గేరు తగ్గించు. ఆ లారీవాడు బ్రేకేస్తాడు చూడు, చూడు." జెట్లలో నేర్పి పొట్టపోసుకునేవాణ్ణి, నందిగామ దాకా నోరు మూసుకుని పాఠం విన్నాను.

కళ్యాణ మండపం ముందు ఫ్లెక్సీ కట్టారు. ఎవరిదో తెల్లటి స్పేస్ సూటు, దాని మీద నా తల. మెడ దగ్గర అతకలేదు. పక్కన రాకెట్టు, వెనక చంద్రుడు, కింద వర్తకుల ఫోటోలు వరసగా. "అంతరిక్ష వీరుడికి స్వాగతం." నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పంచె సర్దుకుని లోపలికి నడిచాడు.

అధ్యక్షుడు బాగానే మాట్లాడాడు. "మా షావుకారుగారబ్బాయి అంటే మాకు సొంత తమ్ముడి కిందే లెక్క" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఇంక నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నిజం చెప్పెయ్యాలని నిశ్చయించుకుని లేచాను. నాన్న నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో" అని తనే మైకు దగ్గరికి వెళ్లాడు. జీవితంలో మైకు పట్టుకోని మనిషి. దాన్ని తూకం రాయిలాగా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"బయట ఫ్లెక్సీలో ఉన్నది తప్పండి. మావాడు పైకెళ్లట్లా."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో ఎవరో, "సీక్రెట్ కదండీ, షావుకారుగారు అట్టాగే చెప్పాలి" అన్నారు.

"సీక్రెట్టూ లేదు, సింగినాదమూ లేదు!" నాన్న గొంతు మైకులో కీచుమంది. "వెళ్లేవాళ్లు వేరేవాళ్లండి. వాళ్లకి జెట్లో పక్కన కూర్చుని నేర్పేది మావాడు. వాళ్లు నేర్చుకుని పోతారు, వీడు కింద ఉంటాడు. ఇది నాకు మొన్ననే తెలిసింది. నేను ఇన్నాళ్లూ వీణ్ణి డ్రైవర్ డ్రైవర్ అన్నా. నేర్పేవాణ్ణి అట్టా అనకూడదు. ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి ఆ సంగతి." అక్కడ ఆగి, అధ్యక్షుడి వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు. "శాలువా కప్పాలనుంటే ఈ నేర్పే పనికి కప్పండి. లేదంటే ఇంకెవరికన్నా కప్పుకోండి, మేమేం అనుకోం."

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు తల వంచుకునే శాలువా విప్పి నాకు కప్పాడు. దండ నాన్న మెడలో వేసి, ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కక్షణం వదల్లేదు. వెనక నుంచి ఒక పెద్దాయన విసుగ్గా, "అయితే చంద్రుడి మీదకి ఎవరెళ్తున్నట్టు?" అన్నాడు. ఇంక నవ్వులు ఆగలేదు.

భోజనాల దగ్గర నాతో ఫోటో దిగడానికి ఒక్కరూ రాలేదు. నాన్న మాత్రం పులిహోర రెండోసారి వేయించుకున్నాడు. ఊరు ఊరుకుంటుందా! ఆ సాయంత్రానికే ఆయనకి రాకెట్ షావుకారని పేరు పడింది. ఆ పేరు చాలాకాలం నిలిచింది. ఆయన ఎదుటే అట్లా పిలిచినవాళ్లు కూడా ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన గేర్ల గురించి మాట్లాడలేదు. చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట వైపు తిరగబోతుంటే ఆపమన్నాడు. రోడ్డు పక్కన టీ బంకు ఉంది. టీ కోసమనుకున్నాను. ఆయన దిగి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఒక మాటడుగుతా. నన్ను పంపండని నువ్వు అడిగావా?"

"అది నా డ్యూటీ—"

"డ్యూటీ సంగతి నేనడగలా. అడిగావా, లేదా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అడిగా."

"ఏమన్నారు?"

"నువ్వెళితే నేర్పేదెవరన్నారు."

ఒక లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆయన అది పోయేదాకా ఆగాడు.

"బాధేసిందా?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. పై ఆఫీసర్లు అడగలేదు, తోటివాళ్లు అడగలేదు. కట్టుకున్న మనిషి కూడా, నేనే నవ్వుతూ చెప్పాను కాబట్టి, నవ్వి ఊరుకుంది. నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది.

"వెయ్యదా మరి! నిన్నగాక మొన్న నా పక్కన కూర్చుని వాంతులు చేసుకున్నవాడు పోతాడంట, నేను కింద నిలబడి చూడాలంట! నాకు చేతకాకనా? వెయ్యదా?" అని నడిరోడ్డు మీద అరిచాను. బంకు దగ్గర టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దుమ్మని చెప్పుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

నాన్న నన్ను ఓదార్చలేదు. మెడలో ఇంకా ఉన్న దండ తీసి చేతికి చుట్టుకున్నాడు.

"నాకూ వేసేదిరా" అన్నాడు. "ప్రతిసారీ. బోణీ చేసి, వాడు పెట్టిన లడ్డు నవ్వుతూ తిని, ఇంటికొచ్చి అన్నం తినలేకపోయేవాణ్ణి. మీ అమ్మకి కూడా చెప్పలా."

నోటికొచ్చింది అడిగాను. "మరి ఒకడు పోయాక ఇంకొకణ్ణి ఎందుకు పెట్టుకున్నావు? ఎందుకు నేర్పావు?"

"కొట్లో మనిషి ఉండాలిగా. నువ్వు రాలా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నేనూ తిరిగి ఏదో ఒకటి అరిచేవాణ్ణి.